మండల స్థాయిలో మంచం పట్టినవాళ్లకు వైద్యం, సంక్షేమం కలిపి ఒకే ప్లాన్: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న – మెట్టమండలం

కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక మండలానికి ఏడాది ప్లాన్ తయారు చేయాల్సి వచ్చింది. జనాభా దాదాపు 52 వేలు, పీహెచ్‌సీలు 2, సచివాలయాలు 18, విలేజ్ క్లినిక్‌లు 20. లేవలేని వృద్ధులు, పక్షవాతం వచ్చినవాళ్లు, క్యాన్సర్ చివరి దశలో ఉన్నవాళ్లు, తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లు: వీళ్లందరికీ ఇంటి దగ్గర వైద్యం, పింఛను, పరికరాలు, తిండి, తోడు అన్నీ ఒకే ఏర్పాటు కింద అందాలన్నది ఉద్దేశం.

ఇప్పటికి ఉన్నది ఇది: 104 బండి నెలకు రెండుసార్లు ప్రతి ఊరికీ వస్తుంది. ఎంఎల్‌హెచ్‌పీ (విలేజ్ క్లినిక్‌ను చూసే ఆరోగ్య ఉద్యోగి), ఏఎన్‌ఎం, ఆశా ఉన్నారు. పింఛన్లు సచివాలయం చూస్తుంది. వికలాంగుల శాఖ, ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు), వెలుగు (డ్వాక్రా సంఘాలను చూసేవాళ్లు) ఎవరి రిజిస్టరు వాళ్లది. ఒకరి జాబితా ఇంకొకరికి తెలియదు.

సమన్వయ కమిటీ వేయడంతో మొదలుపెట్టమని ఒక సలహా వచ్చింది. అది సరైనదేనా? మనుషుల్ని ఎలా లెక్కగట్టాలి, పని ఎలా పంచాలి, డబ్బు ఏ పద్దులోంచి తేవాలి? చేసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

---

జవాబు 1 – పీహెచ్‌సీ_డాక్టర్

కమిటీ తర్వాత చూద్దాం. ముందు జాబితా తయారవ్వాలి. జాబితా లేకుండా వేసిన కమిటీ రెండో నెలకే టీ, బిస్కెట్ల మీటింగ్ అవుతుంది.

ఒక్క చోటి నుంచి తెచ్చిన జాబితా సరిపోదు. కనీసం నాలుగు చోట్ల నుంచి తెచ్చి కలపాలి. సచివాలయం నుంచి పింఛను జాబితా, అందులో ముఖ్యంగా తీవ్ర జబ్బులకు నెలకు 15,000, 10,000 రూపాయలు వచ్చే కేటగిరీల వాళ్లు. ఎంఎల్‌హెచ్‌పీ దగ్గర ఉండే బీపీ, షుగర్ రోగుల్లో మూడు నెలలుగా మందులకు రానివాళ్లు. పెద్దాసుపత్రి నుంచి డిశ్చార్జి అయినవాళ్లు. నాలుగోది ఆశా నోటిమాట. ఊళ్లో ఎవరు బయటికి రావడం మానేశారో ఏ పోర్టల్‌కన్నా ఆమెకే బాగా తెలుసు. సీబ్యాక్ ఫారం మీద ఆధారపడకండి. అది 30 ఏళ్లు దాటినవాళ్లలో జబ్బు వచ్చే ముప్పును లెక్కగట్టేది. స్కోరు 4 దాటితే పరీక్షకు పంపమంటుంది, అంతే. మంచం పట్టినవాళ్ల అవసరాన్ని బట్టి వరుస పెట్టడానికి అది పనికిరాదు.

జాబితాలో జబ్బు పేరుకన్నా చేయగలిగిన పని ముఖ్యం. తనంతట తాను లేచి కూర్చుంటారా? మరుగుదొడ్డికి వెళ్తారా? తింటారా? స్నానం చేస్తారా? వీటితో పాటు మన ప్రాంతంలో తప్పకుండా అడగాల్సింది ఇంకోటి ఉంది: పొద్దున 9 నుంచి సాయంత్రం 5 దాకా ఇంట్లో ఎవరుంటారు? కొడుకు, కోడలు, మనవలు అని కుటుంబ సభ్యుల పట్టీలో ఐదుగురు కనబడతారు. పగలు అందరూ కూలికి పోతారు, మనిషి ఒంటరి.

తర్వాత మూడు రంగులు.

ఎరుపు: గత వారంలో ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లు, మంచం పుండ్లు ఉన్నవాళ్లు, మూత్రం పైపు లేదా ముక్కు గొట్టం ఉన్నవాళ్లు, నొప్పి తగ్గనివాళ్లు, చూసే మనిషి లేనివాళ్లు. వారానికి ఒకసారి.

పసుపు: లేవలేరు కానీ నిలకడగా ఉన్నారు, పగలు చూసేవాళ్లున్నారు. పదిహేను రోజులకు ఒకసారి.

ఆకుపచ్చ: ఇంట్లో తిరుగుతారు, క్లినిక్ దాకా రాలేరు. నెలకు ఒకసారి.

ఇప్పుడు లెక్క చూడండి. జాబితా 160 మంది అయ్యిందనుకుందాం: ఎరుపు 20, పసుపు 50, ఆకుపచ్చ 90. నెలకు ఎరుపు 80 సందర్శనలు, పసుపు 100, ఆకుపచ్చ 90, మొత్తం 270. ఒక నర్సు, ఒక బండి ఉంటే రోజుకు 5–6 ఇళ్లు అవుతాయి. డ్రెస్సింగ్ ఉన్న ఇంట్లో 40 నిమిషాలు పడుతుంది, ఊరికీ ఊరికీ మధ్య ప్రయాణం వేరే. వారంలో నాలుగు రోజులు తిరిగితే నెలకు 90 ఇళ్లు, అంతకు మించి రావు. అంటే ఆ బండి ఎరుపు వాళ్లకే చాలుతుంది. మొత్తం 160 మందినీ ఆ బండి మీద వేసిన ప్లాన్ కాగితం మీద బాగుంటుంది, మూడో వారానికి కూలిపోతుంది.

పసుపు వాళ్లకు కొత్త ఏర్పాటు అక్కర్లేదు. 104 రోజున పొద్దున ఓపీ, మధ్యాహ్నం మంచం పట్టినవాళ్ల ఇళ్లకు డాక్టర్ వెళ్లాలన్నది ఫ్యామిలీ ఫిజీషియన్ పద్ధతిలో ముందునుంచీ ఉన్నదే. నెలకు రెండుసార్లంటే పదిహేను రోజుల లెక్క సరిగ్గా కుదురుతుంది, క్లినిక్‌కు ఇద్దరు ముగ్గురికి మించరు. అయితే ఓపీ సాగి సాగి మూడింటికి ముగుస్తుంది, ఇళ్లు ఎగిరిపోతాయి. మందుల రీఫిల్స్ ముందు రోజే ఎంఎల్‌హెచ్‌పీ ఇచ్చేస్తే ఓపీ సగానికి తగ్గుతుంది. ఈ ఒక్క మార్పు ప్లాన్‌లో పేరు పెట్టి రాయండి. ఆకుపచ్చ 90 మంది ఏఎన్‌ఎం, ఆశాలకు. ఊరికి నలుగురైదుగురే.

రంగు మార్చే అధికారం ఎవరిదో కూడా ముందే రాసుకోవాలి. పైకి, అంటే ఎరుపులోకి, ఎవరైనా మార్చొచ్చు, ఆశా సహా. కిందికి దించడం మాత్రం డాక్టర్ పని. లేకపోతే పని ఎక్కువైన నెలలో ఎరుపు వాళ్లంతా పసుపైపోతారు.

---

జవాబు 2 – సంక్షేమం_డెస్క్

డాక్టర్ గారు చెప్పినదానికి సచివాలయం వైపు నుంచి కొన్ని.

నెల మొదటి రోజు పింఛను ఇంటికి తీసుకెళ్లి ఇస్తున్నాం కదా. ఒక్కో ఉద్యోగికి యాభై చిల్లర ఇళ్లు. ఈ మండలంలో పింఛనుదారు ప్రతి ఒక్కరి ముఖం ప్రభుత్వ మనిషి నెలకోసారి చూసే రోజు అదొక్కటే. దాన్ని వాడుకోకుండా వేరే సర్వే పెట్టడం దండగ. ఆ రోజు మూడు సంగతులు చూస్తే చాలు: మనిషి మంచం మీద ఉన్నారా, గదిలో మూత్రం లేదా పుండు వాసన ఉందా, డబ్బు చేతికి తీసుకున్నది ఎవరు. ఒకటో రెండో తేడాగా కనబడితే పేరు, వీధి రాసి సాయంత్రానికి ఏఎన్‌ఎంకి ఇవ్వాలి. నాలుగో సంగతి చేర్చకండి. పింఛను హడావుడిలో పది ప్రశ్నల ఫారం పెడితే అన్నిటికీ "బాగున్నారు" అని టిక్కులు పడతాయి.

పింఛను కేటగిరీల దగ్గర తప్పులు ఎక్కువ. ఎన్టీఆర్ భరోసాలో వృద్ధాప్యం 4,000, వైకల్యం 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాతం, తీవ్రమైన కండరాల క్షీణత అయితే 15,000. పక్షవాతం వచ్చాక కూడా చాలామంది పాత వృద్ధాప్య పింఛనులోనే ఉండిపోతారు, ఎందుకంటే మార్చుకోవడానికి సదరం (వైకల్య సర్టిఫికెట్) కావాలి, సదరం క్యాంపుకు మనిషిని ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లాలి. ప్లాన్‌లో సదరం రోజున బండి ఖర్చుకు ఒక లైను ఉండాలి. ఎరుపు, పసుపు జాబితాల్లో సర్టిఫికెట్ లేనివాళ్లను ముందే తీసి, ఒకే రోజు స్లాట్లు బుక్ చేసి, ఒకే బండిలో తీసుకెళ్లండి. 2025 జనవరిలో 15,000 పింఛన్ల తనిఖీకి వైద్య బృందాలు ఇళ్లకే వెళ్లాయి. తనిఖీకి ఇంటికి రాగలిగినప్పుడు సర్టిఫికెట్‌కూ రావచ్చని జిల్లాకు ఒక లేఖ రాయడంలో తప్పులేదు.

వేలిముద్ర పడకపోవడం రెండో చిక్కు. ముసలివాళ్ల వేళ్ల గీతలు అరిగిపోతాయి, పక్షవాతం చేయి తెరుచుకోదు. ఆధార్ అప్‌డేట్ లేక పింఛను ఆగినవాళ్ల కోసం ఇంటికొచ్చి నమోదు చేసే సదుపాయం ఆధార్ సంస్థ దగ్గర ఉంది, దరఖాస్తు పెట్టాలి. సంక్షేమ సహాయకులకు ఇది జాబితాలో ఒక గడిగా ఉంటే మరచిపోరు.

పరికరాలకు: 60 దాటిన పేదవాళ్లకు రాష్ట్రీయ వయోశ్రీ కింద చక్రాల కుర్చీ, చేతికర్ర, వినికిడి యంత్రం, కళ్లజోడు, కట్టుడు పళ్లు వస్తాయి. కానీ అవి క్యాంపుల్లో వస్తాయి, అడిగిన వారం రావు. అందుకే మండలానికి సొంత అరువు సామాను ఉండాలి: గాలి పరుపులు 6, కమోడ్ కుర్చీలు 4, చక్రాల కుర్చీలు 4, వాకర్లు 6. ఎవరికిచ్చాం, ఎప్పుడిచ్చాం అన్న రిజిస్టరు ఒకరి దగ్గరే ఉండాలి. మనిషి పోయిన ఇంటికి పదకొండో రోజు దాకా వెళ్లి సామాను అడగొద్దు, ఆ తర్వాత ఆలస్యం చేయనూ వద్దు. నెల దాటితే గాలి పరుపు పంపు పిల్లల ఆటవస్తువు అవుతుంది.

పిల్లలు వదిలేసిన కేసులు వైద్యం వాళ్ల నెత్తిన పడేయకండి. 2007 పోషణ చట్టం కింద దరఖాస్తు ఆర్డీవో ట్రిబ్యునల్‌కు వెళ్తుంది. నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30. తెల్ల కాగితం మీద రాసిచ్చినా చాలు. రాయలేని స్థితిలో ఉంటే వాళ్లు అధికారం ఇచ్చిన మనిషి లేదా సంస్థ పెట్టొచ్చు. సలహాకు 14567 ఎల్డర్‌లైన్.

---

జవాబు 3 – హోమ్‌కేర్_సిస్టర్

ఎరుపు బండి గురించి రాస్తాను. బండి కన్నా సంచి ముఖ్యం. సంచిలో ఏదో ఒకటి లేక ఆ ఇంటికి మళ్లీ రావాల్సి వస్తే, ఆ రోజు ఇంకో ఇల్లు పోయినట్టే.

సంచిలో: బీపీ మిషన్, గ్లూకోమీటర్, పల్స్ ఆక్సీమీటర్, థర్మామీటర్. 14, 16 నంబర్ల ఫోలీ పైపులు (మూత్రం పైపులు), యూరిన్ బ్యాగులు, లిగ్నోకేన్ జెల్లీ, 10 ఎంఎల్ సిరంజీలు, స్టెరైల్ నీళ్లు. 14, 16 రైల్స్ ట్యూబులు (ముక్కు గొట్టాలు), 50 ఎంఎల్ ఫీడింగ్ సిరంజీ. గాజ్ గుడ్డ, దూది, చేతి తొడుగులు, ప్లాస్టర్. మెట్రోనిడజోల్ మాత్రలు: దుర్వాసన వచ్చే పుండు మీద పొడి చేసి చల్లితే వాసన మూడు నాలుగు రోజుల్లో తగ్గుతుంది. ఇంట్లోవాళ్లు మళ్లీ దగ్గరికి రావడం అక్కడినుంచే మొదలవుతుంది. పుండు కడగడానికి సెలైన్ సీసాలు మోయక్కర్లేదు. అర లీటరు నీళ్లు మరిగించి, ఒక టీస్పూను ఉప్పు వేసి, చల్లార్చి వాడమని నేర్పండి. హైడ్రోజన్ పెరాక్సైడ్, బెటడిన్ రోజూ పోస్తే కొత్తగా వచ్చే కండ మాడిపోతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీలు ఎక్కువగా చేసేది ఇదే, వాళ్లనూ ఒక పూట కూర్చోబెట్టి చెప్పండి. తిట్టి లాభం లేదు, రాత్రి పిలిస్తే వెళ్లేది వాళ్లే.

పైపుల తేదీలు జాబితాలోనే ఉండాలి. మామూలు లేటెక్స్ ఫోలీ రెండు నుంచి నాలుగు వారాలకు మార్చాలి, సిలికాన్‌దైతే మూడు నెలల దాకా ఉంచొచ్చు. ఖరీదు ఎక్కువైనా దూరపు ఊళ్లకు సిలికానే నయం, ప్రయాణాలు తగ్గుతాయి. బ్యాగు ఎప్పుడూ నడుము కంటే కిందే వేలాడాలి, నేలకు తగలకూడదు. నులక మంచాలకు ఈ రెండూ కుదరడం కష్టం, మంచం కింద రెండు ఇటుకలు పెట్టించండి. ముక్కు గొట్టం ఉన్నవాళ్లకు తల 30–45 డిగ్రీలు ఎత్తి పోయాలి, పోశాక అరగంట నుంచి గంట అలాగే ఉంచాలి, ముందూ వెనకా 20–30 ఎంఎల్ నీళ్లు. జావ వడగట్టకుండా పోస్తే గొట్టం మూసుకుపోతుంది. రాగిజావ అయితే మరీను.

గాలి పరుపు ఇచ్చాం కదా అని తిప్పడం మానేస్తారు. పరుపు ఉన్నా రెండు మూడు గంటలకోసారి పక్కకు తిప్పాల్సిందే. పగలు మనిషి లేని ఇళ్లకు ఇదే అసలు గండం. పక్కింటావిడో, డ్వాక్రా సంఘం సభ్యురాలో పదకొండింటికి, రెండింటికి వచ్చి తిప్పి, నీళ్లు తాగించి పోయే ఏర్పాటు ఉంటే సగం పుండ్లు రావు. దీనికి గ్రామ సంఘం ద్వారా చిన్న మొత్తమైనా ఇవ్వండి. ఉచిత సేవ అన్నది పండగల దాకానే నడుస్తుంది.

నొప్పి విషయం. క్యాన్సర్ నొప్పికి పారాసిటమాల్, ట్రామడాల్‌తో ఆగనప్పుడు మార్ఫిన్ మాత్రలే గతి. 2014లో ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం సవరణ తర్వాత గుర్తింపు పొందిన వైద్య సంస్థకు వేర్వేరు లైసెన్సుల గొడవ లేదు. రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి ఇచ్చే గుర్తింపు, శిక్షణ పొందిన ఒక డాక్టర్, తాళం వేసిన బీరువా, సరిగ్గా రాసే రిజిస్టరు ఉంటే చాలు. పీహెచ్‌సీకి ఇప్పుడే ఇదంతా కుదరకపోతే, దగ్గరి ఏరియా ఆసుపత్రికో జిల్లా ఆసుపత్రికో గుర్తింపు ఉందో లేదో కనుక్కుని, అక్కడి నుంచి మందు తెచ్చే దారి ప్లాన్‌లో రాయండి. మార్ఫిన్ మొదలైన రోజే విరేచనం మాత్ర కూడా మొదలవ్వాలి. మలబద్ధకం వచ్చాక ఇద్దాంలే అంటే, వారంలో ఇంట్లోవాళ్లు "ఈ మందు పడలేదు" అని రెండూ ఆపేస్తారు.

---

మెట్టమండలం (ప్రశ్న అడిగినవారు)

చాలా ఉపయోగపడింది. ఇంకో మూడు సందేహాలు. ఒకటి, పంచాయతీ నిధులతో నర్సును పెట్టుకోవచ్చా? కేరళలో పంచాయతీలే పెడతాయంటారు. రెండు, దీనికి ఒక యాప్ చేయిస్తామని ఒక సంస్థ ముందుకొచ్చింది, ఒప్పుకోవాలా? మూడు, నవంబరు నుంచి మా దగ్గర ఊళ్లకు ఊళ్లు గుంటూరు వైపు మిరపకాయ కోతకు సుగ్గికి (వలస కూలికి) పోతాయి. అప్పుడు ఈ జాబితా ఏమవుతుంది?

---

జవాబు 4 – ప్రణాళిక_పద్దు

కేరళ సంగతి నిజమే. 2008లో పాలియేటివ్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవ) విధానం వచ్చాక అక్కడ పంచాయతీలు తమ ప్రణాళిక నిధుల్లోంచి ఇంటింటికీ తిరిగే నర్సును పెట్టుకోగలిగాయి. అంతకు ముందే మలప్పురం, కోళికోడ్ వైపు వాలంటీర్ల గుంపులు ఉన్నాయి కాబట్టి నర్సు వెంట మనుషులున్నారు. ఇక్కడ ఆ నకలు నేరుగా దిగదు. ఆర్థిక సంఘం అన్‌టైడ్ (ఫలానా పనికే అని కట్టేయని) నిధులు జీతాలకు వాడకూడదు, ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. కాబట్టి నర్సు జీతం ఎన్‌హెచ్‌ఎం (జాతీయ ఆరోగ్య మిషన్) వైపు నుంచి రావాలి, లేదా ఉన్న స్టాఫ్‌నర్సుల్లో ఒకరిని వారానికి నాలుగు రోజులు ఈ పనికి కేటాయిస్తూ వైద్యాధికారి లిఖితపూర్వక ఆర్డర్ ఇవ్వాలి. నోటిమాట వద్దు, బదిలీ అయిన మరునాడే అది ఆవిరి.

మిగతా ఖర్చు ముక్కలుగా దొరుకుతుంది. డ్రెస్సింగ్ సామాను, పైపులు: పీహెచ్‌సీ ఇండెంట్‌లోనే పెట్టండి, చాలనివి ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ నుంచి. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీకి ఏడాదికి 10,000 అన్‌టైడ్ వస్తుంది. సదరం రోజు బండి కిరాయికి అది సరిపోతుంది. గాలి పరుపులు, కుర్చీల వంటివి పంచాయతీ సొంత ఆదాయం లేదా సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత నిధులు). సీఎస్‌ఆర్‌ను జీతాలకు మాత్రం పెట్టకండి, రెండో ఏడాది ఆగితే రోగులు నడిమధ్యలో మిగులుతారు. అడగాల్సిన కాలం కూడా ముఖ్యం. జీపీడీపీ (గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక) గ్రామసభలు అక్టోబరు 2 నుంచి మొదలవుతాయి, అప్పటికి ఊరివారీ పేర్లు లేని లెక్క మీ చేతిలో ఉండాలి. "మా ఊళ్లో లేవలేనివాళ్లు 9 మంది, ముగ్గురికి పుండ్లు" అని సభలో చదివితే సిమెంటు రోడ్ల మధ్యలో ఇదీ తీర్మానంలోకి ఎక్కుతుంది. పేర్లు మాత్రం చదవకండి.

యాప్ ఇప్పుడు వద్దు. ఏఎన్‌ఎం ఫోనులో ఇప్పటికే ఎన్ని యాప్‌లున్నాయో లెక్కపెట్టి చూడండి. ఒక షీటు, 14 గడులు: పేరు, ఊరు, వీధి, రంగు, పగలు చూసే మనిషి, ఫోను, ముఖ్య సమస్య, పైపు మార్చాల్సిన తేదీ, చివరి సందర్శన, తర్వాతి సందర్శన, పింఛను కేటగిరీ, సదరం, ఇచ్చిన సామాను, బాధ్యురాలు. చివరి గడిలో హోదా కాదు, ఒక మనిషి పేరు ఉండాలి. షీటు చూసే హక్కు ఐదారుగురికి మించి వద్దు. జబ్బు వివరాల గడులు సచివాలయం ప్రతిలో దాచండి, హెచ్‌ఐవీ, మానసిక రోగాల సంగతి అసలు రాయకండి. చేర్చే ముందు రోగినో, ఇంటివాళ్లనో అడిగి ఒప్పుకోలు తీసుకోవాలి. వాట్సాప్ గ్రూపులో పుండ్ల ఫొటోలు పెట్టే అలవాటు మొదటి రోజే ఆపండి.

మీటింగ్ వారానికి ఒకసారి, 45 నిమిషాలు, పీహెచ్‌సీలో. వైద్యాధికారి, హోమ్‌కేర్ నర్సు, ఏఎన్‌ఎంలలో వంతులవారీగా ఇద్దరు, సంక్షేమ సహాయకుల్లో ఇద్దరు, వెలుగు నుంచి ఒకరు. మాట్లాడాల్సింది ఎరుపు పేర్లు, ఆ వారం డిశ్చార్జిలు, తేదీ దాటిన సందర్శనలు. ఎంపీడీవో గారు నెలకోసారి వచ్చి, శాఖల మధ్య ఇరుక్కున్న రెండు మూడు విషయాలు తేలిస్తే చాలు.

డిశ్చార్జి దారి ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. కర్నూలు పెద్దాసుపత్రి నుంచి, ఆదోని నుంచి మనిషిని ఇంటికి పంపిన సంగతి పీహెచ్‌సీకి తెలిసేసరికి పుండు పడి ఉంటుంది. అక్కడ వార్డు సిస్టర్ల దగ్గర, ఆరోగ్యమిత్రల దగ్గర మీ నర్సు నంబరు ఉన్న ఒక కాగితం ఉండాలి. ఫోను వచ్చిన 48 గంటల్లో ఏఎన్‌ఎం ఇంటికి, 7 రోజుల్లో నర్సు. ఇంటికి దింపడానికి 108 రాదు, అది అత్యవసరానికే. కిరాయి ఎవరిస్తారో ముందే తేల్చుకోండి.

సుగ్గి గురించి ఆ ఊళ్ల వాళ్లకే బాగా తెలుస్తుంది, కానీ ప్లాన్‌లో రెండు జాబితాలు ఉండాలన్నది మాత్రం కచ్చితం. అక్టోబరు చివర్లో పసుపు, ఆకుపచ్చ ఇళ్లన్నిటినీ "మీరు పోతున్నారా, పెద్దాయన దగ్గర ఎవరుంటారు" అని అడగాలి. చూసే మనిషి పోతే ఆ పేరు ఆ రోజే ఎరుపు. ఎరుపు 20 నుంచి 35–40కి పోవచ్చు, ఒక బండి చాలదు. ఆ నాలుగైదు నెలలకు రెండో పీహెచ్‌సీ నర్సును కూడా కలపండి. వెంట తీసుకెళ్లేవాళ్లకు నెల మందులు, పైపు మార్చిన తేదీ రాసిన చీటీ ఇచ్చి పంపండి.

---

జవాబు 5 – చేవెళ్లరోడ్డు

తెలంగాణ నుంచి ఒక మాట. ఇక్కడ పాలియేటివ్ కేంద్రాలు చేవెళ్లలో మొదలై జిల్లాలకు పోయినయి. జిల్లా దవాఖానలో కొన్ని మంచాలు, ఇంటికి పోయే బండి ఒకటి. మంచాలు ఉండుడు చాలా పనికొస్తది. నొప్పి అదుపు తప్పినా, ఇంట్లోవాళ్లు అలిసిపోయినా నాలుగు రోజులు చేర్చుకోవచ్చు. మీ ప్లాన్‌ల ఆ నాలుగు రోజుల జాగా ఎక్కడా కనిపిస్తలేదు. సీహెచ్‌సీలో రెండు మంచాలు మాట్లాడి పెట్టుకోండి.

కానీ జిల్లా బండికి దూరం ఎక్కువ, మండలాలకు వంతు రావాలంటే చాలా రోజులు పడుతది. ఇక్కడి ఆసరా పింఛన్లలో మీకున్నట్టు మంచం పట్టినోళ్లకు వేరే పింఛను కూడా లేదు, వికలాంగుల కింద 4,016 వస్తది. అందుకే ఇక్కడ వైద్యం ఒక దిక్కు, సంక్షేమం ఒక దిక్కు ఉంటున్నయి. మీకు సచివాలయం, క్లినిక్ ఒకే ఊళ్లో ఉన్నయి, ఆ సౌలత్ వదులుకోవద్దు.

ఒక సంగతి సిస్టర్ గారిని అడగాలె. రాత్రిపూట ఫోను ఎవరు ఎత్తాలె?

---

హోమ్‌కేర్_సిస్టర్

నర్సు సొంత నంబరు ఇవ్వకండి, రెండు నెలల్లో స్విచాఫ్ అవుతుంది. పీహెచ్‌సీ పేరు మీద ఒక సిమ్, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా నర్సు దగ్గర, తర్వాత రాత్రి డ్యూటీ స్టాఫ్‌నర్సు దగ్గర. ఎరుపు ఇళ్లలో గోడకు ఒక కాగితం అంటించండి: పైపు ఊడిపోతే ఏం చేయాలి, గొట్టం బయటికొస్తే ఏం చేయాలి (మళ్లీ లోపలికి తోయొద్దు), నొప్పి ఆగకపోతే అదనంగా ఏ మాత్ర ఎంత వేయాలి, ఏ మూడు పరిస్థితుల్లో 108 పిలవాలి. రాత్రి ఫోన్లలో చాలావరకు పైపు మూసుకుపోవడం, నొప్పి, ఊపిరి ఆడకపోవడమే. చివరి దశలో ఉన్నవాళ్ల ఇళ్లలో, ఆసుపత్రికి తీసుకెళ్లాలా వద్దా అన్నది పగలే, ఇంటి పెద్దలందరూ ఉన్నప్పుడు డాక్టర్ మాట్లాడి ఫైలులో రాసి పెట్టాలి. రాత్రి రెండింటికి ఫోను ఎత్తిన సిస్టర్‌కు ఆ ఒక్క లైను కావాలి.